ద్వారపాలకుని రెండు పొరపాట్లు

పూర్వకాలమున ప్రతి కోటకును ఒక సింహద్వారముండెను; ప్రతి ద్వారమునకును ఒక కావలివాడుండెను. గోడ యెంత యెత్తైనదైనను, అగడ్త యెంత లోతైనదైనను, ఆ కావలివాడు ఏమరినచో కోట పరుల పాలగుటకు ఒక్క రాత్రి చాలును. నేడు కోటలు శిథిలములైనవి గాని కావలివాని పని మాత్రము తీరలేదు. మన బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, పరీక్షల ఫలితములు, ఆసుపత్రులలోని రోగుల వివరములు నేడు కంప్యూటర్లయందు భద్రపరుపబడుచున్నవి. ఆ కంప్యూటర్ల వాకిట నిలిచి, వచ్చినవారి మాట విని, తగినవారిని లోనికి విడిచి, తగనివారిని వెలుపల నిలుపునది మనుష్యుడు కాదు. మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞల సముదాయము. దానినే ప్రోగ్రామనియు, సాఫ్ట్‌వేరనియు అందురు.

ఈ ద్వారపాలకునకు నిద్ర లేదు, అలసట లేదు, లంచమన నేమో తెలియదు. ఐనను ఇతడు పొరపాటు పడుట కలదు. ఏలయన ఇతనికి సొంత బుద్ధి లేదు. చెప్పిన పనిని చెప్పినట్లు చేయును. చెప్పని జాగ్రత్త నొక్కదానినైనను తీసికొనడు. ఇతని పొరపాట్లు అనేకవిధములుగా నున్నను, వానిలో రెండు మిక్కిలి పాతవి, మిక్కిలి సామాన్యమైనవి. వచ్చిన అభ్యర్థనను కొలిచి చూడక స్వీకరించుట మొదటిది. తప్పు సంకేతపదము చెప్పినవానిని ఎన్ని మారులైనను మరల ప్రయత్నింపనిచ్చుట రెండవది. ఈ రెండింటి ఫలితమును లోకము ఒక్క రాత్రియందే చూచినది. ఆ వృత్తాంతము 1988వ సంవత్సరమున అమెరికా దేశములో జరిగినది.

ఆ కాలమున ఇంటర్నెట్టు అను మాటను సామాన్య జనులు ఎరుగరు. సుమారు 60,000 కంప్యూటర్లు మాత్రమే దానిచే కలుపబడి యుండెను. అవి విశ్వవిద్యాలయములకును, పరిశోధనాలయములకును, సైనిక కార్యాలయములకును చెందినవి. వానిని వాడువారు ఒకరినొకరు నమ్మియుండిరి. తలుపులకు గడియలు వేయవలసిన అవసరము లేని చిన్న పల్లెవంటిదది.

నవంబరు 2వ తేదీ సాయంకాలము ఆ పల్లెలో అలజడి మొదలయ్యెను. ఒకదాని తరువాత నొకటిగా కంప్యూటర్లు మందగించెను. అధికారులు పరీక్షింపగా, ఎవరును ఆజ్ఞాపింపని పనులు వానిలో పదులకొలది నడచుచుండెను. యంత్రము నాపి మరల నడిపింపగా, కొలదిసేపటికే ఆ పనులు తిరిగి ప్రత్యక్షమగుచుండెను. ఒక చిన్న ప్రోగ్రాము తనంతట తాను ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పాకుచు, చేరిన ప్రతిచోట తన ప్రతులను పెంచుకొనుచు పోవుచుండెను. కావున దానికి పురుగు అను పేరు వచ్చినది. సుమారు 6,000 యంత్రములు, అనగా నాటి ఇంటర్నెట్టులో పదియవ వంతు, దాని వాత బడెనని అంచనా వేసిరి.

తాళములు పగులగొట్టకయే ఆ పురుగు లోనికెట్లు పోగలిగెను? ఇచ్చటనే మనము మొదటి పొరపాటును చూడగలము.

ఆనాటి యంత్రములందు ఫింగర్ అను చిన్న సేవ యొకటి యుండెను. దూరముననున్న వారెవరైనను ఒక వ్యక్తి పేరు వ్రాసి పంపినచో, ఆ వ్యక్తి పూర్తి పేరేమి, ఇప్పుడు యంత్రము నొద్ద నున్నాడా లేడా యను వివరములను అది తెలిపెడిది. వచ్చిన ప్రశ్నను వ్రాసికొనుటకు అది 512 అక్షరములు పట్టు స్థలమును కేటాయించి యుంచెను. ఒక మనుష్యుని పేరునకు అంత స్థలము చాలదా? చాలును, మిగులును గూడ. కాని వచ్చినది నిజముగా పేరేనా, అది ఆ స్థలమున పట్టునా యని కొలిచి చూడుమని ఆ ప్రోగ్రామునకు ఎవరును చెప్పలేదు. పురుగు 536 అక్షరముల సందేశమును పంపెను. ఎక్కువైన 24 అక్షరములు ప్రక్కనున్న స్థలముపై పడెను.

పడిన నేమి యందురా? దీనిని ఒక ఉపమానముచే గ్రహింపవచ్చును. ఒక కచేరీలో గుమాస్తా యొకడు గలడనుకొనుడు. అతడు వచ్చినవారు చెప్పినదెల్ల పలకమీద వ్రాసికొనును. పలక అడుగు భాగమున అతని అధికారి ముందుగనే, 'ఈ పని ముగిసిన తరువాత నాలుగవ గదికి పొమ్ము' అని వ్రాసి యుంచెను. గుమాస్తా పని ముగియగానే అడుగు పంక్తిని చదివి, అందున్నట్లు చేయును. ఒక మోసగాడు వచ్చి పలకలో పట్టనంత సుదీర్ఘమైన మాట చెప్పెను. ఆ బుద్ధిహీనుడు వ్రాయుచు వ్రాయుచు అడుగు పంక్తిని గూడ చెరిపి, దానిపై మోసగాని మాటలనే వ్రాసెను. ఆ మాటలు 'ఖజానా గదికి పోయి తలుపు తీయుము' అని యున్నవి. తరువాత అతడు ఆ పంక్తిని చదివెను. అధికారి ఆజ్ఞ యనుకొని ఖజానా తలుపు తీసెను. ఫింగర్ సేవయందు జరిగినదియు ఇంతే. తరువాత ఎచ్చటికి పోవలెనో తెలుపు గుర్తు అభ్యర్థన ప్రక్కనే యుండెను. ఎక్కువైన అక్షరములు దానిని మార్చివేసెను. యంత్రము అభ్యర్థన లోపల దాగియున్న ఆజ్ఞలను తన సొంత ఆజ్ఞలుగా భావించి నెరవేర్చెను.

ఉత్తరములను చేరవేయు ప్రోగ్రాములోను ఇటువంటి లోపమే యొకటి యుండెను. దానిని పరీక్షించుటకై ఏర్పరచిన మార్గమొకటి, పని ముగిసిన పిదప మూయబడక తెరచియే యుండెను. ఆ మార్గమున వచ్చినవారు చిరునామా వ్రాయవలసిన చోట ఆజ్ఞలను వ్రాసినను అది స్వీకరించెడిది. తపాలా కవరుమీద ఊరి పేరునకు బదులు 'పోస్టాఫీసు తాళపుచెవులు నాకిమ్ము' అని వ్రాయగా పోస్టుమాస్టరు ఇచ్చినట్లున్నది గదా!

ఇక రెండవ పొరపాటు. లోనికి చేరిన పురుగు అచ్చటి మనుష్యుల సంకేతపదములను ఊహింప నారంభించెను. ఆ యంత్రములలో సంకేతపదములు నేరుగా వ్రాసియుండక, గూఢమైన రూపమునకు మార్చి దాచబడియుండెను. ఆ రూపమునుండి అసలు పదమును వెనుకకు రాబట్టుట సాధ్యము కాదు. కాని ఆ గూఢరూపముల పట్టిక యంత్రమును వాడు వారందరికిని కనబడునట్లుండెను. పురుగు తాను ఊహించిన పదమును అదే విధముగా గూఢరూపమునకు మార్చి, పట్టికతో సరిపోల్చెను. సరిపోయినచో తలుపు తెరచుకొన్నట్లే. లేనిచో మరియొక పదము. ఎన్ని మారులు తప్పినను అడుగువాడు లేడు. ఏలయన ఆ పని ద్వారపాలకుని కంట బడకయే జరుగుచుండెను.

పురుగు ఊహలు ఎంత సామాన్యమైనవో చూడుడు. మొదట సంకేతపదమే లేనివారిని వెదకెను. పిదప వాడుకరి పేరునే, ఆ పేరును రెండుమారులు కలిపి, ఆ పేరును తలక్రిందులుగా త్రిప్పి, ఇంటిపేరును చేర్చి చూచెను. అవి ఫలింపనిచో తనతో తెచ్చుకొన్న 432 పదముల పట్టికను ప్రయోగించెను. చివరకు యంత్రములోనే యున్న నిఘంటువును వాడుకొనెను. విద్యావంతులైన శాస్త్రజ్ఞులు సైతము ఇంత సులువైన పదములను పెట్టుకొనిరా యని మీరు ఆశ్చర్యపడవచ్చును. పెట్టుకొనిరి. దీనిని 1979లోనే ఇరువురు శాస్త్రజ్ఞులు లెక్కలతో నిరూపించి యుండిరి. రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ అనువారు 3,289 సంకేతపదములను పరీక్షింపగా, వానిలో 2,831 పదములు, అనగా నూటికి 86, అతి చిన్నవో, నిఘంటువులో దొరకునవో, సులభముగా వెదకి పట్టదగినవో యని తేలెను.

విధి విచిత్రమైనది. 1988లో ఆ పురుగును వ్రాసి విడిచిన యువకుడు ఆ రాబర్ట్ మోరిస్ కుమారుడే. అతని పేరును రాబర్ట్ మోరిసే. కార్నెల్ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇరువది రెండేండ్ల విద్యార్థి. అతడు ధనము నాశించి ఆ పని చేయలేదు. పురుగు ఎవరి గ్రంథములను చెరుపలేదు, ఎవరి రహస్యములను అమ్ముకొనలేదు. కాని అది ఒకే యంత్రమున మరల మరల ప్రవేశించుటను అరికట్టుటలో అతని లెక్క తప్పెను. అందుచే యంత్రములు దాని ప్రతులతో నిండి ఊపిరాడక నిలిచిపోయెను. అతని స్నేహితుడొకడు క్షమాపణతో కూడ నివారణోపాయమును తెలుపుచు ఒక సందేశమును పంపెను గాని, అప్పటికే మార్గములన్నియు చిక్కువడి యుండుటచే అది సకాలమున చేరలేదు. బర్కిలీ, పర్డ్యూ, ఎమ్.ఐ.టి. మొదలగు విద్యాలయములందలి వారు రాత్రింబవళ్లు మేల్కొని పురుగును విడదీసి పరిశీలించి, లోపములను సరిదిద్దిరి.

కుతూహలముతో చేసితిననుట న్యాయస్థానమున సమాధానము కాలేదు. 1990లో మోరిస్ దోషియని తీర్పు చెప్పబడెను. చెరసాల తప్పినను, మూడు సంవత్సరములు అధికారుల పర్యవేక్షణలో నుండుట, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా అతనికి శిక్షగా విధింపబడెను. తరువాతి కాలమున అతడు ఎమ్.ఐ.టి.యందే ఆచార్యుడై, ఆ విద్యనే సక్రమ మార్గమున బోధించెను. ఇటువంటి ఆపదలు కలిగినపుడు అందరకును తెలిపి తోడ్పడుటకై కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఒక అత్యవసర కేంద్రము ఆ నవంబరు నెలలోనే స్థాపింపబడెను. మన దేశమునను 2004లో అటువంటి సంస్థ వెలసినది. దానిని సెర్ట్-ఇన్ అని పిలుతురు.

ఇంతటితో ఆ పొరపాట్లు అంతరించినవా? లేదు. 2014వ సంవత్సరము ఏప్రిల్ నెలలో మొదటి పొరపాటే మరియొక రూపమున బయటపడెను. రహస్యముగా మాటాడుకొనదలచిన కంప్యూటర్లు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాఫ్ట్‌వేరును విరివిగా వాడుచుండెను. ఒక యంత్రము రెండవదానిని, 'నీవు ఇంకను అచ్చటనే యున్నావా? ఐనచో ఈ మాటను తిరిగి చెప్పుము. దీనికి ఇన్ని అక్షరములు' అని యడుగును. రెండవది ఆ మాటను తిరిగి పంపును. వచ్చిన మాటకు నిజముగా అన్ని అక్షరములు కలవా యని అది కొలిచి చూడలేదు. ఒక్క అక్షరమును పంపి, అరువది వేల అక్షరములని చెప్పినవానికి, ఆ యొక్క అక్షరముతో బాటు తన జ్ఞాపకమున ప్రక్కనున్న వానినెల్ల పంపివేసెను. అందు ఇతరుల సంకేతపదములును, రహస్యపు తాళపుచెవులును ఉండుట కలదు. రెండు సంవత్సరములు ఎవరి కంటను బడక యున్న ఈ లోపమునకు హార్ట్‌బ్లీడ్ అని పేరిడిరి. దాని మూలమున కెనడా దేశపు పన్నుల శాఖనుండి సుమారు 900 మంది పౌరుల గుర్తింపు సంఖ్యలు అపహరింపబడెను.

రెండవ పొరపాటును చక్కగా గ్రహించుటకు కొంచెము గణితము చేయుదము. నాలుగు అంకెల తాళమునకు 0000 మొదలు 9999 వరకు 10,000 సంఖ్యలు గలవు. ఒక్కొక్కదానికి ఐదు సెకనుల చొప్పున మనుష్యుడు త్రిప్పి చూచినచో అన్నియు ముగియుటకు 50,000 సెకనులు, అనగా సుమారు పదునాలుగు గంటలు పట్టును. సెకనుకు వేయి సంఖ్యలు చెప్పగల యంత్రమునకు పది సెకనులు చాలును. ఐనను మన బ్యాంకు కార్డుల రహస్యసంఖ్యకు నాలుగంకెలే యున్నవి గదా. అవి యెట్లు క్షేమముగా నున్నవి? సాధారణముగా మూడు మారులు తప్పినచో కార్డు పనిచేయకుండ నిలిపివేయుదురు. దొంగకు దక్కు అవకాశము పదివేలలో మూడు మాత్రమే. కావున తాళమునకు బలము అంకెల సంఖ్యయందే కాదు. ప్రయత్నముల పరిమితియందును గలదు.

ఈ సత్యమును 2016లో ఆనంద్ ప్రకాశ్ అను భారతీయ యువకుడు లోకమునకు చూపెను. ఫేస్‌బుక్ సంస్థవారు, సంకేతపదమును మరచినవారి ఫోనునకు ఆరంకెల సంఖ్యను పంపుచుండిరి. ఆ సంఖ్యను చెప్పగలిగినవారు క్రొత్త సంకేతపదమును పెట్టుకొనవచ్చును. ఆరంకెలకు పది లక్షల సంఖ్యలు గలవు. ముఖ్యద్వారమున పది పండ్రెండు మారులు తప్పగానే ప్రయత్నమును ఆపివేయుచుండిరి. కాని క్రొత్త మార్పులను పరీక్షించుటకై తెరచిన ప్రక్కద్వారమున ఆ నియమమును పెట్టుట మరచిరి. అచ్చట ఎన్ని మారులైనను ప్రయత్నింపవచ్చును. ఆనంద్ ప్రకాశ్ ఇతరుల ఖాతాలజోలికి పోక, తన సొంత ఖాతాపైననే పరీక్షించి, లోపమును నిశ్చయించుకొని, ఆ సంస్థకే తెలియజేసెను. వారు వెంటనే సరిదిద్ది, అతనికి 15,000 డాలర్లు బహూకరించిరి. 1988 నాటి యువకునకును 2016 నాటి యువకునకును తెలివిలో భేదము లేదు. ఒకడు తన తెలివిని పరుల యింట పరీక్షించి జరిమానా చెల్లించెను; మరియొకడు తన యింటనే పరీక్షించి బహుమానము పొందెను.

అదే సంవత్సరము మిరాయ్ అను మరియొక పురుగు, కావలి కెమెరాల వంటి చిన్న యంత్రములను లక్షలకొలది లోబరచుకొనెను. దానికి గొప్ప విద్య యేమియు తెలియదు. కర్మాగారములందు పెట్టిన పేర్లు, సంకేతపదములు జతలు జతలుగా సుమారు 60 మాత్రము దాని యొద్ద నుండెను. కొన్నవారు వానిని మార్చుకొనలేదు. యంత్రములు ప్రయత్నములను లెక్కింపలేదు. అంతే చాలినది.

ఐనచో నివారణ మెట్లు? మొదటి పొరపాటునకు మందు ఒక్కటే. వెలుపలినుండి వచ్చిన దేనిని గాని నమ్మక కొలువవలెను. పేరు అడిగినచో పేరే వచ్చినదా, పొడవు హద్దులో నున్నదా, సంఖ్య ఉండవలసినచోట అక్షరములున్నవా యని చూడవలెను. తగని దానిని సరిదిద్ద బూనుకొనక త్రోసిపుచ్చవలెను. వచ్చిన మాటలను చదువవలసిన విషయముగా మాత్రమే చూడవలెను గాని, ఎన్నడును ఆజ్ఞలుగా గైకొనరాదు. పరీక్షకొరకు తెరచిన మార్గములను పని ముగియగానే మూయవలెను.

రెండవ పొరపాటునకు మందు లెక్కించుట. కాని ఇందు కొంత యుక్తి కావలెను. కొన్ని మారులు తప్పగానే ఖాతాను శాశ్వతముగా మూసివేసినచో, గిట్టనివాడు కావలెనని తప్పు పదములు చెప్పి, అసలు యజమానినే వెలుపల నిలుపగలడు. కావున తప్పిన కొలదియు వేచియుండవలసిన కాలమును పెంచుట ఒక మంచి పద్ధతి. ఒక ఖాతాపై జరుగు ప్రయత్నములనే గాక, ఒక్కచోటనుండి అనేక ఖాతాలపై జరుగు ప్రయత్నములను గూడ గమనింపవలెను; లేనిచో దొంగ ఒకే సామాన్యపదమును వేయి తలుపులయందు ఒక్కొక్కమారు పలికి చూచును. గూఢరూపముల పట్టికను అధికారికి దప్ప ఇతరులకు కనబడనీయరాదు. సంకేతపదముతో బాటు ఫోనునకు వచ్చు సంఖ్యను గూడ అడుగుట ఒకే తలుపునకు రెండు గడియలు వేయుట వంటిది. ముఖ్యద్వారమునకు పెట్టిన నియమము ప్రతి ప్రక్కద్వారమునకును ఉండవలెను.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు ఇట్టి ప్రోగ్రాములను వ్రాయుదురు. అందరును నేడే వానిని వాడుచున్నారు. మీ పేరును, పుట్టిన తేదీని, అభిమాన నటుని పేరును సంకేతపదముగా పెట్టుకొనకుడు. పొడవైన దానిని, నిఘంటువులో లేనిదానిని, ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్కదానిని ఏర్పరచుకొనుడు. ఎనిమిది చిన్న ఆంగ్లాక్షరములతో కూర్పదగిన పదములు ఇరువది వేల కోట్లకు పైగా నున్నవి. కాని మనుష్యులు సహజముగా ఎన్నుకొను పదములు కొలది వేలు మాత్రమే. దొంగ వెదకునది ఆ కొలది వేలనే. ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను ఎంతటివారడిగినను చెప్పకుడు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, పెద్దలకు తెలిపి, 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయించుడు. ఇతరుల కంప్యూటరున అనుమతి లేక ప్రవేశించుట మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ననుసరించి నేరమని మరువకుడు. ఎచ్చటనైనను లోపము కనబడినచో దానిని వాడుకొనక, చాటింపు వేయక, దానిని సరిదిద్దగలవారికి తెలుపుడు.

కోట గోడలు కట్టినవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. ద్వారమున మేల్కొని, వచ్చిన ప్రతి మూటను కొలిచి, తలుపు తట్టిన ప్రతి దెబ్బను లెక్కించిన కావలివాని పేరు ఎవరికిని తెలియదు. ఐనను కోటలోనివారు నిశ్చింతగా నిదురించినది అతని వలననే.